ఫోను ఇంటికొచ్చేది రాత్రి తొమ్మిదికి: మా రాత్రి బడి డైరీ

నవంబరు 4

ఈరోజు పది టాబ్లెట్లు వచ్చాయి. అట్టపెట్టెలు విప్పుతుంటే మా వలంటీర్లలో పెద్దావిడ ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "పలకకైతే చుట్టూ చెక్క ఉంటాది. దీనికేముందమ్మా, కిందపడితే?" అంది. రబ్బరు కవర్లు పది కొనాలని అక్కడే రాసుకున్నా. ప్రాజెక్టులో మొదటి ఖర్చు అదే, ప్లానులో లేని ఖర్చు కూడా అదే.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు మాటలు. మాది నెల్లూరు జిల్లా మెట్ట, కలిగిరి వైపు. సంస్థ అంటే ఐదుగురు వలంటీర్లు, ఒక అద్దె గది, బీరువా నిండా పాత రిజిస్టర్లు. నేను పెద్దవాళ్లకు చదువు చెప్పే ప్రభుత్వ పథకం సాక్షర భారత్‌లో గ్రామ కోఆర్డినేటర్‌గా పనిచేశాను, నెలకు 2,000 గౌరవ వేతనం. 2009లో మొదలైన ఆ పథకం 2018 మార్చితో ఆగిపోయింది. కేంద్రానికి తాళం పడ్డాక కూడా సాయంత్రం అయితే కాళ్లు అటే లాగేవి. అలా ఊరుకోలేని వాళ్లం కొందరం కలిసి పెట్టుకున్నదే ఇది.

ఇప్పుడు నడుస్తున్న ఉల్లాస్ పథకం 2022 నుంచి 2027 వరకు. 15 ఏళ్లు దాటిన వాళ్లకి. చదువు చెప్పేది వలంటీర్లు, నమోదు యాప్‌లో, వాచకాలు దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలో. ఇదంతా ఎవరో ఒకరి చేతిలో ఫోను ఉంటుందనుకుని వేసిన లెక్క. మేమూ అదే లెక్క వేశాం: మూడు ఊళ్లు, పొదుపు సంఘాల్లో ఉన్న 54 మంది ఆడవాళ్లు, వారానికి ఐదు రాత్రులు, నాలుగున్నర నెలలు. బడిలో టాబ్లెట్, ఇంటి దగ్గర సొంత ఫోను.

నవంబరు 9

"సొంత ఫోను" అన్న మాట కొట్టేశాను.

మూడు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగాం. 54 ఇళ్లలో 49 ఇళ్లకు స్మార్ట్‌ఫోను ఉంది. ఈ అంకె చూసి మొన్న మీటింగులో అందరం సంతోషపడ్డాం. రెండో ప్రశ్న అడగాలని ఎవరికీ తోచలేదు: అది ఎవరిది? తనదే అని చెప్పిన ఆడవాళ్లు 13 మంది. వాళ్లలో ఇద్దరి ఫోన్లకు తెర పగిలింది, ఇంకో ఇద్దరివి రీచార్జి లేక మూలన పడున్నాయి. మిగిలినవి తొమ్మిది.

ఒకామె మాట ఉన్నదున్నట్టు రాసుకున్నా: "ఫోను మావాడికాడ ఉంటాదక్కా. వాడు ఇంటికొచ్చేది తొమ్మిదికి. అన్నం తినేటప్పుడు కూడా చూస్తానే తింటాడు. వాడు నిద్రపోతే నాకొస్తాది, అప్పటికి నేను నిద్రపోతా."

మా తరగతి ఎనిమిదింటికి మొదలై తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. అంటే బడి ఉన్నంతసేపూ ఫోను ఇంట్లో లేదు, ఫోను వచ్చేసరికి మనిషికి ఓపిక లేదు.

నవంబరు 15

ముందు అనుకున్న పాఠాల యాప్ ఒకటుంది. పేరెందుకులెండి. మనిషికొక ఖాతా తెరవాలి, ఖాతాకి ఫోను నంబరు, నంబరుకి ఓటీపీ. రచ్చబండ దగ్గర కూర్చుని మొదలుపెట్టాం. మొదటి ఆమె చెప్పిన నంబరు మద్రాసులో పనిచేసే కొడుకుది. ఫోన్ చేసి, "అబ్బయా, నీకిప్పుడొక నంబరు వస్తాది, అది నాకు చెప్పు" అంది. వాడు ససేమిరా అన్నాడు. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దని బ్యాంకు వాళ్లు మెసేజీ పెట్టారంట. "మీ అమ్మనురా!" అంటే, "అమ్మ గొంతుతో కూడా మోసం చేస్తున్నారంట" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తప్పు పట్టడానికీ లేదు, మేం జనవరిలో చెప్పాలనుకున్న పాఠం వాడికి ముందే వచ్చు.

గంటన్నరలో నాలుగు ఖాతాలు. ఆ యాప్‌కి అక్కడే దండం పెట్టేశాం.

నవంబరు 26

ఇంటర్నెట్టూ ఓటీపీ రెండూ అక్కర్లేని దారి వెతికాం. కోలిబ్రి అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్లో వేసి, పాఠాలన్నీ మెమరీ కార్డులో పెడితే, గదిలో ఉన్న టాబ్లెట్లకూ ఫోన్లకూ దాని వైఫై నుంచే పాఠం అందుతుంది. బయట సిగ్నల్ ఉన్నా లేకపోయినా ఒకటే. మనం తయారుచేసిన పాఠాలు కూడా అందులో పెట్టుకోవచ్చు. ఖాతాకి పేరు చాలు, నంబరు అడగదు. ఊళ్లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు శనాదివారాలు కూర్చుని సిద్ధం చేశాడు. మా వాళ్లు దానికి "పెట్టె" అని పేరు పెట్టేశారు.

మూడు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో రోజు పాఠం మధ్యలో కరెంటు పోయింది, రెండు నిమిషాల్లో వచ్చింది, మళ్లీ పోయింది. ఆ తర్వాత పెట్టె లేవలేదు. కార్డు మీద రాస్తున్నప్పుడు కరెంటు పోతే కార్డు చెడుతుందట. నాకేం తెలుసు, బల్బులాగా స్విచ్ వేస్తే వెలుగుతుందనుకున్నా.

ఇప్పుడు చేసింది: వైఫై రూటర్లకు పెట్టుకునే చిన్న యూపీఎస్ కొని, పెట్టెకు సరిపడే కరెంటు ఇస్తుందో లేదో చూసి తగిలించాం. కార్డును అచ్చంగా ఇంకో కార్డులోకి కాపీ చేసి, బీరువాలో అగ్గిపెట్టెలో దాచాం. ఎనిమిది పరికరాలు దాటి ఒకేసారి వీడియో చూస్తే పెట్టె నీరసిస్తోంది. వీడియోలన్నీ చిన్న సైజుకు కుదించాం, తేడా ఎవరికీ తెలియలేదు.

డిసెంబరు 7

పాఠాల తయారీ. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, నాకిష్టమైన పని ఇదే.

కంప్యూటర్‌తో పెద్దవాళ్లకు తెలుగు చదవడం నేర్పడం కొత్తేమీ కాదు. 2000లోనే సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్ వాళ్లు మెదక్ జిల్లా బీరంగూడలో మొదలుపెట్టారు. ఆ కంపెనీ తొలి సీఈఓ ఎఫ్.సి. కోహ్లీ ఆలోచన అది. పాత కంప్యూటర్ల మీద, తెలుగుతోనే తొలి ప్రయోగం. అ, ఆ, ఇ, ఈ అని వరసగా దిద్దించకుండా, తెలిసిన మాటను మొత్తంగా బొమ్మలా గుర్తుపట్టించి, తర్వాత దాన్ని అక్షరాలుగా విడగొడతారు. సుమారు 40 గంటల్లో చదవడం వచ్చేయాలని గురి. రాయడం మీద పెద్దగా పట్టుబట్టలేదు. మేం పద్ధతి తీసుకుని మాటలు మార్చాం. వాచకాల్లో ఉండే "అల", "వల" మా మెట్టలో ఎవరికి కావాలి, సముద్రం చూడాలంటే బస్సెక్కాలి. మా మొదటి మాటలు: ఆకు, పొగాకు, కూలి, బాకీ, వడ్డీ, సంఘం.

తొలిసారి ఆడియో నేనే చదివాను, టీవీ యాంకరమ్మలాగా సాగదీసి. తరగతిలో పెట్టగానే కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఎవరామె, కొత్త కోడలా?" అని ఒకామె. చెరిపేసి, వాళ్లలోనే గొంతు గట్టిగా ఉన్నామె చేత చెప్పించాం. ఇప్పుడు పాఠం "ఇదేందో చూడండి, మన పొగాకే" అని మొదలవుతుంది. పాఠం వింటున్నంతసేపూ ఆమె అక్కడే కూర్చుని తన గొంతుకి తనే తలూపుతూ ఉంటుంది.

అక్షరాల ఆకారం దగ్గర వారం పోయింది. మేం ముందు వాడిన ఫాంటు సినిమా పోస్టరులా బొద్దుగా ఉంది, పగానీ షగానీ ఒకేలా కనపడ్డాయి. ధకీ థకీ మధ్య చుక్క తెలియడంలేదు. మండలి ఫాంటుకి మార్చాం, సైజు పెంచాం. ఒక లైనుకి రెండు మాటలే. తలకట్టుని ఎర్ర రంగులో చూపిస్తే పట్టుకున్నారు. క్రావడి మాత్రం ఇప్పటికీ తిప్పలే: చేత్తో రాసేటప్పుడు కిందకి, కొన్ని ఫాంట్లలో ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది. "ఇది వేరే అక్షరమా?" అని అడిగితే ఏం చెప్పను.

డిసెంబరు 19

ఇంటి దగ్గర సాధన సంగతి. తొమ్మిదింటికి వచ్చే ఫోన్లను ఏం చేయాలా అని ఆలోచించి, ఆదివారం పూట కొడుకుల్నీ మొగుళ్లనీ గది దగ్గరకు పిలిచాం. బ్లూటూత్‌తో వాళ్ల ఫోన్లలోకి వారానికి సరిపడా ఆడియో పాఠాలూ, చిన్న చిన్న క్విజ్‌లూ ఎక్కించాం. 31 మంది వచ్చారు. టీ, మైసూరు బజ్జీ ఖర్చు 620 రూపాయలు, డైరీలో రాసి తీరాలి.

వారానికి ఫోన్లు తెచ్చి చూపించారు. మార్కులు చూసి మురిసిపోయాం. ఒకామెకు వరసగా ఐదు రోజులు పదికి పది. ఆమెను పిలిచి బోర్డు మీద "బాకీ" రాసి చదవమన్నా. నేల చూపులు చూసింది. ఫోనులో టైము చూస్తే ఆ మార్కులన్నీ రాత్రి పదిన్నర ప్రాంతంలో వచ్చినవే, అవే రాత్రులు ఆమె తల్లిగారింట్లో పెళ్లి పనుల్లో ఉందని ఊరంతటికీ తెలుసు. మూడో తరగతి చదివే మనవరాలు ఆడేసింది. "అవ్వకి మార్కులు రావాలని" అంది ఆ పిల్ల, చాలా గర్వంగా.

ఇంకో ఏడు ఇళ్లలోనూ ఇదే కథ. తిట్టడానికి నోరు రాలేదు. నియమం మార్చాం: ఇంటి దగ్గర వినడమే, క్విజ్ బడిలోనే. ఆ మనవరాలిని మాత్రం బడికి రమ్మన్నాం. టాబ్లెట్ ఆపు చేయడం, చార్జింగ్ పెట్టడం ఆ పిల్ల చూసుకుంటోంది.

జనవరి 10

పొగాకు కోత మొదలైంది. హాజరు ఒక్కసారిగా 54 నుంచి 30కి పడిపోయింది. ఆకును వేడిమీద ఆరబెట్టే బ్యారన్ దగ్గర పని ఉన్నవాళ్లు ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు.

వచ్చినవాళ్లతో కొత్త గొడవ. పచ్చాకు జిగురు వేళ్లకు నల్లగా పట్టేస్తుంది, సబ్బుకి ఒక పట్టాన పోదు. ఆ వేలితో తెర మీద అక్షరం దిద్దితే రెండు పాఠాలకే టాబ్లెట్ మీద గోధుమరంగు పొర. కొందరి వేళ్లు ఎండిపోయి మొద్దుబారి ఉన్నాయి, తెర అసలు గుర్తించడంలేదు. రేషన్ కొట్లో వేలిముద్ర పడకపోవడం వాళ్లకు అలవాటే. "దీనికీ నా వేలు నచ్చలేదే" అని ఒకామె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె మొహం చూశాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

రబ్బరు మొన ఉన్న పెన్నులు తెప్పించాం. చౌకవి, వారంలో మొన ఊడిపోయింది. చివరికి చేసిన పని చెబితే దాత సంస్థ వాళ్లు ఏమంటారో గానీ, బజారుకెళ్లి 40 పలకలూ రెండు పెట్టెల బలపాలూ తెచ్చా. తెర వినడానికీ చూడడానికీ, చెయ్యి పలక మీద. దిద్దే పాఠాలన్నీ పెట్టెలోంచి తీసేశాం. డిజిటల్ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నేను తీసుకున్న మంచి నిర్ణయం ఏదని అడిగితే ఇదే చెబుతా.

జనవరి 23

ఈరోజు జరిగింది ప్లానులో లేదు.

పాఠం అయిపోయాక నా ఫోనులో వాయిస్ టైపింగ్ చూపించా. మాట్లాడితే తెలుగు అక్షరాలు పడతాయని. ప్రొజెక్టర్‌కి కలిపి గోడ మీద వేశాం. మొదట పేర్లు, తర్వాత ఊరి పేరు. ఎవరి పేరు గోడ మీద పడితే వాళ్లు లేచి నిలబడి చూసుకున్నారు. అప్పుడు వెనకనుంచి ఒకామె, "నిన్న మా ఆయన తాగి రాలా" అంది. గోడ మీద "తాగి రాళ్ల" అని పడింది. అందరూ నవ్వుతుంటే, ముందు వరసలో ఒకామె లేచి, "ళ్ల కాదు, లా. ఆ ఒత్తు తీసెయ్యక్కా" అంది. నేను చెప్పకుండానే. మూడు నెలల్లో ఎవరైనా తమంతట తాము తప్పు పట్టుకోవడం అదే మొదలు.

ఆ తర్వాత పాఠం పక్కకు పోయింది. నిన్న ఎందుకు తాగలేదు, మొన్న ఎంత తాగాడు, కూలి డబ్బులు ఎవరి చేతికి వస్తున్నాయి. పదిన్నర దాటినా ఎవరూ లేవలేదు. పెద్దావిడ గోడకు ఆనుకుని అన్నీ వింటోంది. ఆమెకు దూబగుంట గుర్తొచ్చింది, నాకూ అదే. ఇక్కడికి ఎంతో దూరం లేదు ఆ ఊరు. 90ల మొదట్లో జిల్లా అంతా సాగిన అక్షరాస్యత తరగతుల్లో సారా గురించి ఒక పాఠం ఉండేది. దాని చుట్టూ కూర్చుని మాట్లాడుకున్న ఆడవాళ్లు 1992లో సారా అంగడి మూయించారు, దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది, 1993 అక్టోబరు నుంచి సారాపై నిషేధం వచ్చింది. పెద్దావిడ అప్పుడు లాంతరు పట్టుకుని తరగతికి వెళ్లిన మనిషి. "ఆ పాఠం చదవను నాకు సరిగ్గా రాలేదమ్మా అప్పుడు. మాట్లాడను మాత్రం వచ్చింది" అంది.

మా రికార్డు పాఠాల్లో ఎక్కడా మాట్లాడుకోవడానికి జాగా లేదని ఈ రాత్రే గమనించా. పాఠం ఆగదు, దాని మానాన అది పోతుంది. రేపటి నుంచి ప్రతి పాఠం మధ్యలో రెండుచోట్ల పాజ్ నొక్కాలి, ఎక్కడ నొక్కాలో కాగితం మీద రాసి వలంటీర్లకు ఇస్తున్నా.

ఫిబ్రవరి 6

మా గురించి మేం రాసుకోవాల్సిన రోజు. తరగతి 90 నిమిషాలు. జనవరి చివర్లో ఒకరోజు గడియారం పెట్టుకుని కూర్చున్నా. హాజరు రిజిస్టరు, అదే హాజరు టాబ్లెట్‌లో, అదే హాజరు ఎక్సెల్ షీట్‌లో, ఆపైన దాత సంస్థకు లొకేషన్ పడేలా మూడు ఫొటోలు. అన్నిటికీ కలిపి 38 నిమిషాలు. ఫొటోలో అందరూ టాబ్లెట్ పట్టుకుని కనపడాలని వాళ్ల షరతు. దాంతో పలక పట్టుకున్నవాళ్లు ఫొటో కోసం పలక కింద పెట్టి టాబ్లెట్ తీసుకుంటున్నారు.

డిజిటల్ అంటే కాగితం పోతుందనుకున్నాం. కాగితం పోలేదు, దాని పక్కన ఇంకో మూడు వచ్చి కూర్చున్నాయి. ఇరవై ఏళ్ల నుంచి రిజిస్టరు రాస్తున్న మా పెద్దావిడకు ఎక్సెల్ రాదని మేం బాధపడ్డాం గానీ, అసలు అది ఎందుకని అడిగింది ఆవిడే.

దాత సంస్థకు ఉత్తరం రాశా: రిజిస్టరు ఒక్కటే రాస్తాం, శనివారం దాని ఫొటో పంపుతాం, అంతే. జవాబు రాకముందే అమలు చేసేశాం. వారం తర్వాత "సరే" అని ఒక్క మాట వచ్చింది. ఇంత తేలికని తెలిస్తే నవంబరులోనే అడిగేదాన్ని.

ఫిబ్రవరి 20

డబ్బుల పాఠం. ఈ వారం హాజరు 47, పొగాకు పని మధ్యలో కూడా.

నోట్లు చూసి లెక్క చెప్పడంలో వాళ్లు నాకంటే చురుకు. అంకెల్లో రాసినప్పుడే తికమక. 1,500కీ 15,000కీ తేడా కామా ఎక్కడుందో చూసి చెప్పాలని నేర్పితే, సంఘం పాస్‌బుక్కులు తెచ్చి పరిచేశారు. ఒకామె తన అప్పు కంతులు ఎన్ని మిగిలాయో మొదటిసారి తనే లెక్కపెట్టుకుంది. సంఘాల లెక్కలు రాసే వీవోఏ చెప్పిన లెక్కతో సరిపోయింది, ఆమె ముఖంలో కాస్త నిరాశ కూడా కనిపించింది నాకు.

ఫోను చెల్లింపుల్లో ఒకే వాక్యం వారమంతా పాడించాం: డబ్బు వచ్చేదానికి పిన్ కొట్టక్కర్లేదు. పంపేదానికే పిన్. ఎవరైనా "మీకు డబ్బులు పడతాయి, పిన్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టేయడమే. డబ్బు పోతే వెంటనే 1930కి చేయాలి. ఆ నాలుగు అంకెలు అందరి పలకల మీదా రాయించాం. మద్రాసు కొడుకు తల్లి ఆ రాత్రి వాడికి ఫోన్ చేసి పాఠం అప్పజెప్పిందంట.

మార్చి 8

పరీక్ష దగ్గరికొచ్చింది. ఉల్లాస్ పరీక్ష 150 మార్కులకు: చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోటీ 50. ఒక్కోదాంట్లో 33 శాతం రావాలి. అంతా కాగితం, పెన్ను. పెట్టె కట్టేసి, రెండు వారాలు పెన్నుతోనే. బలపం అలవాటైన చేతికి పెన్ను జారుతోంది, అందరూ కాగితం చిరిగేలా నొక్కుతున్నారు. అడుగున పాత పేపరు మడిచి పెట్టుకోమన్నాం.

మార్చి, పరీక్ష తర్వాత

54 మందిలో పరీక్ష రాసినవాళ్లు 41. ఫలితం ఇంకా రాలేదు. రానివాళ్లలో తొమ్మిదిమంది బ్యారన్ దగ్గరే ఉన్నారు, వాళ్లకు పగలు పన్నెండు గంటలకు తరగతి పెట్టాలేమో, వచ్చే జట్టులో చూడాలి. రెండు టాబ్లెట్ల బ్యాటరీలు ఉబ్బాయి, వాటిని పక్కన పెట్టేశాం. పెట్టె బాగుంది. అగ్గిపెట్టెలో కార్డు రెండుసార్లు అక్కరకొచ్చింది.

మా వాట్సాప్ గ్రూపులో ఇన్నాళ్లూ అన్నీ వాయిస్ మెసేజీలే. టైపు చేయాల్సిన అవసరమే రాదు, నొక్కిపట్టి మాట్లాడితే సరిపోతుంది. నేను కూడా అంతే, బద్ధకం. శనివారం రాత్రి తొమ్మిదీ పదికి ఒక మెసేజీ వచ్చింది, కొడుకు నంబరు నుంచి. అక్షరాల్లో:

"అక రేపు బడి ఉండాద"

వాయిస్ నొక్కబోయి ఆగాను. ఒత్తుల్లేని మాటలు వెతుక్కోవడానికి కొంచెంసేపు పట్టింది.

"రేపు లేదు. సోమవారం రా."